గంటకు ఐదు రూపాలు

ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల
తువ్వాల మీద కుప్పవోసిన చార్జర్ల నడుమ
దొరికింది, తోక తెగిన వీడియోగేమ్ రిమోట్.
ముసలాయన ఎనబై అన్నడు, నలబైకిచ్చిండు.
పైసలు జేబుల పెట్టుకున్నంక
"పనిచేయదు బిడ్డా" అన్నడు.

నాకు పనిచేసేది అక్కరలేకుండె.

ఇంటికొచ్చి నాలుగు స్క్రూలు విప్పిన.
ఐదోది తుప్పుల కరుసుకపోయింది,
దాన్ని బతిమిలాడుకుంట అరగంట.
లోపల నల్ల రబ్బరు దిండ్లు,
ఎవరివో వేళ్ల మురికి,
ఎండి అట్టలెక్క అయిన ఒక చీమ.
వెనక డొప్ప మీద కంపాసుతోటి గీకిన పేరు: కిట్టు.
కిట్టూ, నువ్వెవరివో గని
ఎగిరే గుండీని శానా గట్టిగ ఒత్తినవ్,
ఇంక గుంతనే ఉన్నది.

మా నాయిన వారాసిగూడల
రేషన్ షాపు పక్క మడిగె కిరాయికి తీసుకొని
రేకుల కింద నాలుగు టీవీలు పెట్టిండు.
గంటకు ఐదు రూపాలు, అర్ధగంటకు మూడు.
ఆ అర్ధరూపాయి తేడా మా ఇంట్ల ఉప్పూ చింతపండు.
నేను గల్లాపెట్టె కాడ, ఎనిమిదో తరగతి.
గోడ గడియారం, నోటుబుక్కు, నా గొంతు:
"మూడో నెంబరు, టైమైంది, లెవ్వు."
పోరగాండ్లు గొణుక్కుంట లేస్తుండిరి.

టీవీలు అటు మొఖం, నేను ఇటు మొఖం.
ఆటలు నేను సూడలే. ఇన్న.
నాణెం దొరికితె టింగు,
గుంతల వడితె జారుకుంట పోయే చిన్న ఏడుపు,
ఆఖరి రాక్షసుడు రాంగనె ఉరుకులాడే తాళం.
ఎవడు ఎన్నో ప్రాణం మీదున్నడో
వెనక్కి తిరగకుంటనే చెప్తుంటి.

సీటు ఖాళీగుంటె ఆడుకోమన్నడు నాయిన.
ఖాళీ ఏడుండె.

కరెంటు పోతె ఉండె.
అందరు బయటికురికి గల్లిల ఒర్రుతుంటె
నేను పోయి చీకట్ల కూసొని
ఇంక ఎచ్చగనే ఉన్న రిమోట్ ఒళ్లె పెట్టుకొని
నోటితోటి సప్పుడు చేసుకుంట ఆడిన.
టింగు. టింగు. టింగు.
ఒక్కసారి గూడ సావలే.

గుజరాతీ గల్లిల నూట ఇరవైకి
పాటలు పాడే బోర్డు, బొటనగోరంత.
సర్ఫరాజ్ భాయ్ పాడైన మెడపట్టీకెల్లి బ్యాటరీ పీకి
చాయ్ పైసలు గూడ తీసుకోలే.
జాగ సాలక లోపలి ప్లాస్టిక్ కాళ్లు
కటింగ్ ప్లేయర్‌తోటి కొరికిన.
వెంట్రుకలసోంటి తీగలు ఏడు అతికితె
రెండు ఊడినయ్, మళ్ల అతికిన.
ఎడమ బాణం ఎనుకటి పాట, కుడిది ముందటి పాట.
మీదికి ఒత్తితె సప్పుడు పెరుగుతది.
స్టార్ట్ అంటె స్టార్టే.
సెలెక్టుకు ఏం పని చెప్పాల్నో తెల్వక ఉత్తగ ఇడిసిపెట్టిన;
అప్పుడు గూడ అది ఏం చేస్తుండెనో
ఎవ్వలకు తెల్వకుండె.
తోక తెగిన బొక్కలకెల్లి ఇయర్‌ఫోన్ తీగ బయటికి తీసిన.

పాడింది.
పాట అడుగున సన్నగ గుయ్యిమంటున్నది ఏదో.
"కెపాసిటర్ ఏస్తె పోతది, రెండ్రూపాల పని"
అన్నడు సర్ఫరాజ్ భాయ్ చెవిల పెట్టుకొని.
నాలుగు టీవీలు ఒక్కపారి వెలిగితె
రేకుల కింద గిదే గుయ్యి.
ఉండనియ్యి భాయ్ అన్న.

పక్కింటి హంసిని అటు తిప్పి ఇటు తిప్పి సూసింది.
"స్క్రీన్ ఏది ఆంటీ? మరి గెలుసుడెట్ల?"
నాకు చెప్పరాలే.
దానికి ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చిన.

ఇయ్యాల కూకట్‌పల్లికెల్లి వచ్చే బస్సుల
కిటికి కాడ సీటు దొరికింది.
కిట్టు చేసిన గుంతల నా బొటనవేలు.
నలబై దాటినామె ఉత్త రిమోట్ ఒత్తుడేందని
పక్కామె కొంగు సదురుకొని జరిగి కూసున్నది.
ప్యారడైజ్ కాడ జామ్.
గంట దాటింది.
ఎవ్వలు లెవ్వుమంటలేరు.